క్రోషే అల్లితే వ్యాయామం చేసినట్టేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

అల్లికలు చేసేవాళ్లం నలుగురం ఒకచోట కూర్చుంటే ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు: "ఇంతసేపు చేతులాడిస్తున్నాం కదా, ఇది ఎక్సర్‌సైజు కిందకి రాదా?" నేను పద్నాలుగేళ్లుగా క్రోషే (హుక్ అనే కొక్కెం సూదితో చేసే ఊలు అల్లిక) అల్లుతున్నాను. ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు. అడిగేవాళ్లలో చాలామంది బరువు గురించో షుగర్ గురించో నిజంగా టెన్షన్ పడుతున్నవాళ్లు. రోజంతా పనయ్యాక తమకంటూ మిగిలిన గంటని అల్లికకి ఇచ్చుకుంటున్నవాళ్లు. ఆ గంట దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో వాళ్లకి సరిగ్గా తెలియాలి.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. క్రోషే వ్యాయామమా, కాదా?

కాదు. క్యాలరీలు ఖర్చవుతాయి, కానీ ఊరికే కూర్చున్నా దాదాపు అన్నే ఖర్చవుతాయి. క్రోషే వల్ల వేరే లాభాలున్నాయి, వాటి గురించి కింద రాశాను. వారానికి ఇన్ని నిమిషాలు వ్యాయామం చేయాలని డాక్టర్లు చెప్పే లెక్కలో మాత్రం ఈ గంటల్ని కలపకండి.

మరి గంటకి 80, 90 క్యాలరీలు ఖర్చవుతాయని ఇంటర్నెట్‌లో ఉంటుంది. అది అబద్ధమా?

అంకె అబద్ధం కాదు. ఆ ఖర్చంతా క్రోషేదే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. మనం కదలకుండా కూర్చున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి, కాలేయం, మూత్రపిండాలు, మెదడు వాటి పని అవి చేసుకోవాలి. వీటన్నిటికీ శక్తి కావాలి. మీరు హుక్ పట్టుకున్నా పట్టుకోకపోయినా ఆ ఖర్చు ఆగదు.

దీన్ని కొలవడానికి 'మెట్' అనే కొలత ఉంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటే అది 1 మెట్. క్యాలరీల్లో చెప్పుకుంటే కిలో బరువుకి గంటకి సుమారు 1 క్యాలరీ. బార్బరా ఐన్స్‌వర్త్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు కలిసి ఏ పనికి ఎన్ని మెట్‌లో చెప్పే పెద్ద పట్టికని 1993లో తెచ్చారు. తర్వాత 2000, 2011, 2024లలో దాన్ని సవరించారు. 2011 పట్టికలో కూర్చుని చేసే నిట్టింగ్ (రెండు సూదులతో అల్లడం), చేతి కుట్టు లాంటి తేలిక పనులకి ఇచ్చిన విలువ 1.3. క్రోషే కూడా ఆ జాతి పనే. అదే పట్టికలో కదలకుండా కూర్చుని టీవీ చూడటానికి ఇచ్చిన విలువ ఎంతో తెలుసా? అదీ 1.3.

60 కిలోల మనిషిని తీసుకుందాం. 1.3 మెట్ అంటే గంటకి 78 క్యాలరీలు. అందులో 60 ఎలాగూ ఖర్చయ్యేవే. మిగిలింది 18. టీవీ చూస్తూ కూర్చోవడంతో పోల్చుకుంటే ఆ 18 కూడా మిగలదు. అదే మనిషి గంటకి 4.8 కిలోమీటర్ల వేగంతో, అంటే మామూలు నడకకన్నా కాస్త చురుగ్గా నడిస్తే 3.5 మెట్. గంటకి 210 క్యాలరీలు. విశ్రాంతి ఖర్చు 60 తీసేసినా 150 మిగులుతాయి.

క్యాలరీల అంకె ఎక్కడ కనిపించినా ఈ తీసివేత ముందు చేయండి. కూర్చుని చేసే ఏ హాబీకైనా ఇదే పద్ధతి.

రెండు గంటలు అల్లాక చేతులు లాగేస్తాయి. అంత అలసట వస్తే అది వ్యాయామం ఎందుకు కాదు?

ఒకసారి ఇలా చేసి చూడండి. కుడిచేత్తో హుక్ పట్టుకుని, ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకోండి. ఇప్పుడు ఊలు లేకుండానే కుట్టు వేస్తున్నట్టు వేళ్లూ మణికట్టూ తిప్పండి. చర్మం కింద సన్నగా తాళ్లలాంటివి అటూ ఇటూ జరుగుతూ మీ అరచేతికి తగులుతాయి. వేళ్లని ముడిచే, చాచే కండరాల్లో పెద్దవి వేళ్లలో లేవు, ఆ ముంజేతిలో ఉన్నాయి. క్రోషేలో పని చేసేది ఆ గుప్పెడు కండే. అందులోనూ అది గట్టిగా లాగేది ఏమీ లేదు, ఊలు పోగునే కదా.

ఇప్పుడు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేవండి. పదిసార్లు. తొడలు, పిరుదులు ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండరాలు. అవి మొత్తం శరీరం బరువుని పైకి లేపుతున్నాయి. పదోసారికి ఊపిరి వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ అడిగేది ఆ పెద్ద కండరాలు. గుండెకి పని పెట్టేదీ అవే.

చెయ్యి లాగడం నిజమైన అలసటే, నేను కాదనను. అది ఒకే చిన్న కండరాన్ని వేలసార్లు ఒకే తీరులో వాడినందుకు వచ్చే అలసట. దానికి గుండెతోనూ కొవ్వుతోనూ సంబంధం లేదు. నడక వ్యాయామం స్థాయికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తుంది: మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. క్రోషే అల్లుతూ మనం హాయిగా పాడుకుంటాం.

కుట్లు లెక్కపెట్టాలి, ప్యాటర్న్ గుర్తుంచుకోవాలి. మెదడు అంత పని చేస్తే క్యాలరీలు కరగవా?

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా విశ్రాంతిలో మనం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఈ మాట వినగానే, ఎక్కువ ఆలోచిస్తే ఇంకా ఎక్కువ ఖర్చవుతుందని అనిపిస్తుంది. కానీ మెదడు ఖర్చు పగలంతా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. కష్టమైన లెక్క చేసినా, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా పెద్ద తేడా రాదు.

చదరంగం వాళ్ల గురించి ఇలాంటి కథలే తిరుగుతుంటాయి. 1984లో మొదలైన కార్పోవ్–కాస్పరోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ని 48 ఆటల తర్వాత 1985 ఫిబ్రవరిలో ఫలితం తేలకుండానే ఆపేశారు. ఆ అయిదు నెలల్లో కార్పోవ్ పది కిలోల దాకా తగ్గాడని చెప్పుకున్నారు. అన్నాళ్లు టెన్షన్‌లో ఉన్న మనిషికి తిండి సహించకపోవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. ఆలోచన కొవ్వు కరిగిస్తుందనడానికి దాన్ని సాక్ష్యంగా తెచ్చుకోలేం.

వేగంగా అల్లితే?

ప్రాజెక్టు తొందరగా అయిపోతుంది. మణికట్టుకి శ్రమ పెరుగుతుంది. క్యాలరీల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు.

ఒక పెద్ద దుప్పటి మొత్తం అల్లితే ఎంత బరువు తగ్గొచ్చు?

ఈ లెక్క నేను నిజంగానే వేశాను. డబుల్ బెడ్‌కి సరిపడే దుప్పటి ఒకటి అల్లుతూ, ఎంతసేపు పడుతుందో చూద్దామని ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో మొదలుపెట్టిన టైమూ ఆపిన టైమూ రాసుకున్నాను. అంచు కుట్టుతో సహా 74 గంటలు వచ్చింది.

గంటకి 18 క్యాలరీలు అదనం అని ఉదారంగా వేసుకున్నా 74 గంటలకి 1,332 క్యాలరీలు. ఒంట్లో కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయని లెక్కగడతారు. అంటే మొత్తం దుప్పటికి సుమారు 170 గ్రాములు. అదే ఖర్చు నడకలో రావాలంటే దాదాపు 9 గంటలు చాలు. రోజుకి అరగంట చొప్పున 18 రోజులు.

ఆ నోట్‌బుక్‌లో నాకు కనిపించిన రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం. చాలా రోజుల్లో మొదలుపెట్టిన టైముకీ ఆపిన టైముకీ మధ్య మూడు గంటల తేడా ఉంది. మధ్యలో లేచినట్టు ఒక్క గీత కూడా లేదు. ఆ నెలల్లో సాయంత్రానికి చీలమండలు బిగుసుకుపోయి, లేచిన మొదటి నాలుగడుగులు కుంటుతూ వేసేదాన్ని. వయసు వల్ల అనుకున్నాను. అరగంటకోసారి లేవడం అలవాటయ్యాక అది పోయింది.

నా స్మార్ట్ వాచ్ మాత్రం క్రోషే చేసేటప్పుడు స్టెప్స్ చూపిస్తోంది. మరి అదో?

వాచ్ మణికట్టు కదలికని చూసి అడుగులు ఊహిస్తుంది. హుక్ పట్టుకున్న చేతికి వాచ్ ఉంటే, ఆ ఊపులో కొంత దానికి నడకలా కనిపించవచ్చు. రెండో చేతికి మార్చి చూడండి, తేడా తెలిసిపోతుంది.

క్యాలరీల అంకెని ఇంకా తక్కువ నమ్మాలి. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు రకాల పరికరాల్ని పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చూపించాయి. క్యాలరీల విషయంలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా వెనకబడినది 93 శాతం తప్పింది. వాచ్ ఇచ్చిన అంకె చూసి రాత్రి ఇంకో ముద్ద ఎక్కువ తినకండి.

ఎంబ్రాయిడరీ, పెయింటింగ్, గిటార్, తోటపని, వీటి సంగతేంటి?

కూర్చుని వేళ్లతో చేసేవన్నీ క్రోషే పక్కనే ఉంటాయి: ఎంబ్రాయిడరీ, చిన్న బొమ్మలు వేయడం, చదవడం, చదరంగం, పజిల్స్. కూర్చుని గిటార్ వాయించడం 2 మెట్ దగ్గర, పియానో దానికి కాస్త పైన. డ్రమ్స్ 4కి దగ్గరగా వెళ్తాయి, ఎందుకంటే అందులో భుజాలూ కాళ్లూ కలుస్తాయి. తోటలో కలుపు తీయడం, తవ్వడం, కుండీలు మోయడం లాంటివి 3 మెట్ దాటుతాయి. 3 నుంచి 6 లోపు ఉన్నదాన్ని మధ్యస్థ వ్యాయామం అంటారు. 6, ఆ పైన ఉన్నది తీవ్ర వ్యాయామం. కాబట్టి హాబీల్లో తోటపనిని మీరు ధైర్యంగా వ్యాయామం లెక్కలో వేసుకోవచ్చు.

చిన్న చిన్న కదలికలు కూడా క్యాలరీలు కరిగిస్తాయని చదివాను. కాళ్లూపడం, అటూ ఇటూ కదలడం లాంటివి. క్రోషే ఆ కోవలోకి రాదా?

మీరు చదివింది నిజమే. మేయో క్లినిక్‌కి చెందిన జేమ్స్ లెవైన్ 1999లో ప్రచురించిన ప్రయోగం దీనికి మూలం. 16 మందికి 8 వారాల పాటు రోజూ అవసరానికి మించి 1,000 క్యాలరీలు తినిపించారు. అందరూ తిన్నది అంతే ఎక్కువ, కానీ ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి 4 కిలోలకి పైగా చేరింది. వ్యాయామం కాని మామూలు కదలికలు కొందరిలో వాటంతటవే పెరిగిపోవడమే ఆ తేడాకి ముఖ్య కారణమని తేలింది.

ఆ కదలికల్లో పెద్ద వాటా దేనిదో కూడా చూడాలి. లెవైన్ బృందమే 2005లో సన్నగా ఉన్న పదిమందినీ, కాస్త ఊబకాయం ఉన్న పదిమందినీ పోల్చి చూసింది. ఊబకాయం ఉన్నవాళ్లు రోజుకి రెండు గంటలు ఎక్కువగా కూర్చుంటున్నారు. వేళ్ల కదలికకన్నా లేచి నిలబడటం, నాలుగడుగులు వేయడం దగ్గరే అసలు ఖర్చు ఉంది. క్రోషే చేతుల్ని కదిలిస్తుంది సరే, మనిషిని కుర్చీకి కట్టేస్తుంది కూడా. అల్లుతూ కాలు ఊపుకుంటే కొంత మేలు. లేచి తిరిగితే ఇంకా మేలు.

అయితే నిలబడి, లేదా నడుస్తూ అల్లితే?

ఉత్త నిలబడటం కూర్చోవడంకన్నా కొంచెమే ఎక్కువ. నడుస్తూ అల్లితే నడకకి వచ్చే లాభమంతా వస్తుంది, అది నడకది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్లు పొయ్యిలోకి పీట్ (తవ్వి ఎండబెట్టిన బురదమట్టి) గడ్డల బుట్టని వీపున మోసుకుని నడుస్తూనే నిట్టింగ్ చేసేవాళ్లు. నడుముకి తోలు బెల్టు కట్టుకుని, దానికున్న రంధ్రాల్లో ఒక సూదిని గుచ్చి నిలబెట్టేవాళ్లు. ఫ్రాన్స్‌లో లాండ్ ప్రాంతపు గొర్రెల కాపరులు పొడుగు కర్రకాళ్ల మీద నిలబడి మందని చూసుకుంటూ అల్లేవాళ్లు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు అల్లిక మీద గౌరవం పెరుగుతుంది. వాళ్ల ఒంటికి గట్టితనం ఇచ్చింది మాత్రం వీపు మీద బుట్టా, కాళ్ల కింద దారీ.

మీరు ప్రయత్నించాలనుకుంటే ఇంట్లో, చదునైన నేల మీద, చూడకుండా వేయగలిగే కుట్టుతో మొదలుపెట్టండి. మెట్లమీదా రోడ్డుమీదా వద్దు.

నేను రోజూ పొద్దున వాకింగ్ చేస్తాను. సాయంత్రం నాలుగు గంటలు కూర్చుని అల్లితే తప్పా?

తప్పేమీ కాదు. మీరు చేస్తున్నది సరైన పద్ధతి. కూర్చోవడం వల్ల వచ్చే నష్టాన్ని మొదట బయటపెట్టింది లండన్ బస్సులు. జెర్రీ మోరిస్ 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బు తక్కువగా కనిపించింది. గమనించండి, డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద రోజంతా పనిలోనే ఉన్నాయి. చేతులు ఖాళీగా లేకపోవడం వాళ్లని కాపాడలేదు. క్రోషే గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ డ్రైవర్లే.

2016లో లాన్సెట్ వైద్య పత్రిక‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ మీకు ధైర్యమిస్తుంది. పది లక్షల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూస్తే, రోజుకి 8 గంటలకి పైగా కూర్చునేవాళ్లలో కూడా 60 నుంచి 75 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేసేవాళ్లకి, కూర్చోవడం వల్ల పెరిగే మరణ ప్రమాదం కనిపించలేదు. అందరికీ అంత టైము దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం. ఒకేసారి పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతు ఇప్పుడు లేదు. మూడు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే.

మధ్యలో లేవాలని తెలుసు. చేతిలో వరస ఉంటే లేవబుద్ధి కాదు. ఏం చేయాలి?

ఇది అల్లేవాళ్లకే అర్థమయ్యే కష్టం. "ఈ వరస అయ్యాక" అనుకుంటాం, ఆ వరస ఎప్పటికీ అవదు. నాకు అలారం పని చేయలేదు, మోగగానే ఆపేసి మళ్లీ అల్లేదాన్ని. పనిచేసింది ఇంకొకటి. తర్వాత వాడాల్సిన ఊలు ఉండల్ని పక్క గదిలో పెట్టడం మొదలుపెట్టాను. కత్తెర ఇంకో చోట. రంగు మారినప్పుడల్లా, పోగు తెంపాల్సినప్పుడల్లా లేవక తప్పదు. నీళ్ల సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకుంటాను, అది అయిపోతే నింపుకోవడానికి వెళ్లాలి. ఒకే రంగు దుప్పటి అయితే రెండు వరసలకోసారి కుట్టుగుర్తు తగిలించి లేస్తాను. గుర్తుంటే కుట్టు జారదు, లేవడానికి భయం ఉండదు.

లేచాక పిక్కలకి పని పెట్టండి. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఇరవైసార్లు. కాళ్లలో కిందికి చేరిన రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరాలే.

అల్లుతూ ఉంటే చిరుతిండి తగ్గుతుందంటారు. నిజమేనా?

నా విషయంలో నిజమే. రెండు చేతులకీ పని ఉంటుంది, పైగా జిడ్డు వేళ్లతో ఊలు ముట్టుకోలేం. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పలేను. బరువు విషయంలో క్రోషే ఏదైనా సాయం చేస్తే ఈ దారిలోనే చేస్తుందని నా అభిప్రాయం.

అంటే క్రోషే వల్ల ఆరోగ్యానికి ఏ లాభమూ లేదా?

ఉంది, అది మనసుకి. 2013లో వచ్చిన ఒక సర్వేలో 3,545 మంది నిట్టింగ్ చేసేవాళ్లు పాల్గొన్నారు. ఎంత తరచుగా అల్లుతారో అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉంటున్నామని చెప్పారు. 2020లో క్రోషే వాళ్ల మీద వచ్చిన సర్వేలో 8,000 మందికి పైగా జవాబిచ్చారు, పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మనసు నెమ్మదిస్తుందని అన్నారు. ఇవి అల్లిక అంటే ఇష్టమున్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు, ఆ పరిమితి గుర్తుపెట్టుకోవాలి. అయినా మా అమ్మ పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఒక గొలుసు కుట్టు తర్వాత ఇంకో గొలుసు కుట్టే. ఆ సంగతి నాకు ఏ సర్వే చెప్పక్కర్లేదు.

మోకాళ్లు పనిచేయవు, నడవలేను. నాకైనా ఇది వ్యాయామం అవుతుందా?

వేళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి సాయపడుతుంది. చేతులతో చేసే పనుల్ని ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనుల ద్వారా చికిత్స చేసేవాళ్లు) మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాలం నుంచీ చికిత్సలో వాడుతున్నారు. గుండెకి మాత్రం ఇది చాలదు. కుర్చీలో కూర్చునే చేయగలిగినవి వేరే ఉన్నాయి: చేతులు తలపైకి ఎత్తి దించడం, తేలికపాటి బరువులు ఎత్తడం, సాగే బ్యాండ్ లాగడం, కూర్చునే కవాతు చేస్తున్నట్టు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తడం. మీ ఒంటికి ఏవి సరిపోతాయో ఫిజియోథెరపిస్టుని అడిగి మొదలుపెట్టండి.

వేళ్లలో తిమ్మిరి వస్తోంది. ఎక్కువ అల్లితే చేతులు బలపడతాయని ఓర్చుకుంటున్నాను.

ఓర్చుకోకండి, ఆపండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి ఆ తిమ్మిరికి మెలకువ రావడం కార్పల్ టనెల్ లక్షణాలు కావచ్చు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే అలా అవుతుంది. డాక్టరుకి చూపించండి. లావు పిడి ఉన్న హుక్ వాడితే పట్టు బిగించక్కర్లేదు. మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచండి, దుప్పటి బరువు చేతిమీద వేలాడకుండా ఒళ్లో దిండు పెట్టుకోండి.

డాక్టరు "రోజూ ఏం వ్యాయామం చేస్తారు" అని అడిగితే క్రోషే అని చెప్పొచ్చా?

క్రోషే సంగతి తప్పకుండా చెప్పండి, రోజుకి ఎన్ని గంటలు కూర్చుని అల్లుతారో కూడా చెప్పండి. ఆ తర్వాత నడిచే నిమిషాలు విడిగా చెప్పండి. అవి సున్నా అయితే సున్నా అనే చెప్పండి. ఆయన మందు రాసేది ఆ రెండో అంకెని చూసే.